ఉప్పునీళ్ళ ఇంటికి సాఫ్టనర్ కావాలా?

వాటర్ సాఫ్టనర్ నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియంలను తీసి వాటి చోట సోడియం పెడుతుంది. అది చేసే పని అంతే. నీటిని వడకట్టదు, క్రిములను చంపదు, ఫ్లోరైడును తీయదు, ఉప్పదనం తగ్గించదు. సాఫ్టనర్ కొని నిరాశపడిన ఇళ్ళలో చాలావరకు పరికరం బాగానే పనిచేస్తూ ఉంటుంది. దానికి సంబంధం లేని పనిని దాని నుంచి ఆశించడం వల్లే చిక్కు వస్తుంది.

ఈ పొరపాటుకు మన మాటే కొంత కారణం. తెలుగునాట బోరునీళ్ళను ‘ఉప్పునీళ్ళు’ అంటారు, కుళాయి నీళ్ళను ‘మంచినీళ్ళు’ అంటారు. ఉప్పునీళ్ళు అన్న ఒక్క మాటలో రెండు వేరు వేరు లోపాలు కలిసిపోయాయి. నోట్లో పోసుకుంటే ఉప్పగా, చేదుగా తగలడం ఒకటి. అది నీటిలో కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని బట్టి ఉంటుంది. సబ్బు నురగ రాకపోవడం, గిన్నెల మీద తెల్లటి మరకలు పడడం రెండోది. అది కాల్షియం, మెగ్నీషియంలను బట్టి ఉంటుంది. పాఠ్యపుస్తకాలు కఠినత్వం అనేది ఈ రెండోదాన్నే. రుచికి బాగానే ఉండి సబ్బు మాత్రం విరిగిపోయే నీళ్ళుంటాయి. నోట పెట్టలేనంత ఉప్పగా ఉన్నా అంత కఠినం కాని నీళ్ళూ ఉంటాయి. సాఫ్టనర్ రెండో లోపానికే మందు.

కఠినత్వం నేల నుంచి వస్తుంది. వాన నీటిలో ఈ లవణాలు దాదాపు ఉండవు. ఆ నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకొని కొద్దిపాటి ఆమ్లంగా మారి, రాతి పగుళ్ళలోకి దిగుతూ దారిలో కాల్షియం, మెగ్నీషియంలను కరిగించుకుంటుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఎక్కువ భాగం గ్రానైటు, నీసు రాళ్ళ నేల. ఆ రాళ్ళు చివికేటప్పుడు కాల్షియం విడుదలవుతుంది. మట్టి పొరల్లో సున్నపు గడ్డలు కూడా ఏర్పడతాయి. పల్నాడు, కడప, తాండూరు ప్రాంతాల్లో అయితే కింద ఉన్నదే సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలను అక్కడికి రప్పించిన రాయే ఆ ఊళ్ళ బావుల నీటిని కఠినం చేసింది. రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీటికి లవణాలు కరిగించుకునే వ్యవధి ఎక్కువ. నది నీటికి అంత వ్యవధి ఉండదు కాబట్టి నాగార్జునసాగర్ నుంచి హైదరాబాదుకు వచ్చే కృష్ణా నీరు, ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీరు సాధారణంగా అదే వీధిలోని బోరునీటి కంటే చాలా తేలికగా ఉంటాయి. ఈ తేడా నిర్ణయంలో పెద్ద పాత్ర వహిస్తుంది. దాని సంగతి తర్వాత వస్తుంది.

కఠినత్వం ఇంట్లో మొదట బయటపడేది సబ్బు దగ్గర. సబ్బు కొవ్వు ఆమ్లపు సోడియం లవణం. కాల్షియం తగలగానే అది కరగని తెట్టుగా మారి బకెట్టు అంచుకూ ఒంటికీ అంటుకుంటుంది. నీటిలోని కాల్షియమంతా ఇలా ఖర్చయ్యాకే నురగ మొదలవుతుంది. అంతవరకు వాడిన సబ్బు వృథా. కుంకుడుకాయ రసానికి ఈ బెడద లేదు. దానిలో నురగనిచ్చే సాపోనిన్లు కాల్షియంతో సబ్బులాగా విరగవు కాబట్టి ఉప్పునీళ్ళ ఊళ్ళలో కూడా తలంట్లు సాగాయి. చాకళ్ళు బట్టలకు చవుడు మట్టి పట్టించడంలోనూ ఇలాంటి రసాయనమే ఉంది. ఆ మట్టిలోని సోడియం కార్బొనేట్ కాల్షియాన్ని విడగొట్టి నీటిని అక్కడికక్కడే మెత్తబరుస్తుంది. నేటి బట్టల పొడుల్లో కలిపే సోడా చేసేదీ ఇదే. అందుకే సబ్బుబిళ్ళతో పోలిస్తే పొడి ఉప్పునీళ్ళలో మెరుగ్గా పనిచేస్తుంది.

వంటింట్లో ఆనవాలు కందిపప్పు. పప్పుబద్దలోని కణాలను కలిపి ఉంచే పెక్టిన్‌ను కాల్షియం మరింత గట్టిగా బిగిస్తుంది. ఎంతసేపు ఉడికించినా పప్పు మెదగదు. చిటికెడు వంటసోడా వేస్తే మెదుగుతుందని ఇల్లాళ్ళు చేసిన కనుగోలు సరైనదే.

డబ్బు నష్టం మాత్రం వేడినీళ్ళ దగ్గర జరుగుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా బైకార్బొనేటు రూపంలో ఉంటుంది. వేడి తగిలితే అది విరిగి, కరగని కాల్షియం కార్బొనేటుగా అడుగున పేరుకుంటుంది. దీన్ని తాత్కాలిక కఠినత్వం అంటారు. సల్ఫేటు, క్లోరైడు రూపంలో ఉన్నది మరిగించినా పోదు. అది శాశ్వత కఠినత్వం. పూర్వం కాగు అడుగున గట్టిపడిన తెల్లటి పొర, ఇప్పుడు గీజరు కాయిల్ చుట్టూ కట్టే పెంకు ఒకటే పదార్థం. పెంకు మందమైతే కాయిల్ వేడి నీటికి త్వరగా అందదు. కాయిల్ తనలో తాను కాగి మాడిపోతుంది. కరెంటు బిల్లు బాగా తగ్గుతుందని సాఫ్టనర్ అమ్మేవారు చెప్పే మాటలో కొంత అతిశయం ఉంది. కరెంటు గీజరులో కాయిల్ నీటిలోనే మునిగి ఉంటుంది కాబట్టి వేడి చివరికి ఎక్కువ భాగం నీటికే చేరుతుంది. దెబ్బతినేది కాయిల్ ఆయుష్షు. గ్యాసు గీజరు, సోలారు హీటరు విషయం వేరు. వాటిలో పెంకు వేడిని నిజంగానే అడ్డుకుంటుంది. రాగి పలక రకం సోలారు హీటరులోని సన్నటి గొట్టాలు కొన్నేళ్ళలో పూడిపోవచ్చు కూడా. కఠిన జలం ఉన్నచోట గాజు గొట్టాల రకం మేలు.

ఆరోగ్యం సంగతికి వస్తే భయం అవసరం లేదు. తాగునీటి కఠినత్వానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య కారణాలతో ఏ హద్దూ పెట్టలేదు. కాల్షియం, మెగ్నీషియం శరీరానికి కావలసినవే. ఉప్పునీళ్ళు తాగితే కిడ్నీలో రాళ్ళు వస్తాయన్న నమ్మకం ఊరూరా ఉన్నా, రాళ్ళకు పెద్ద కారణం నీళ్ళు తక్కువ తాగడం. జుట్టు రాలడం గురించిన ప్రచారానికీ గట్టి ఆధారం లేదు. కఠిన జలంతో జుట్టు బిరుసుగా, నిర్జీవంగా అనిపించడం నిజమే. కుదుళ్ళ నుంచి రాలడం వేరే సంగతి. చర్మం విషయంలో ఒక మంచి పరీక్ష జరిగింది. ఇంగ్లండులో ఎగ్జిమా అనే చర్మవ్యాధితో బాధపడే 336 మంది పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టు ఇళ్ళలో సాఫ్టనర్లు పెట్టి 12 వారాలు చూశారు. 2011లో ప్రచురించిన ఫలితాల్లో, మామూలు చికిత్స మీద సాఫ్టనర్ వల్ల అదనంగా వచ్చిన మేలు కనబడలేదు. ఒంటికి హాయిగా ఉంటుందని పెట్టించుకోవడంలో తప్పు లేదు. చర్మవ్యాధికి మందుగా పెట్టించుకోవడమే తగదు.

అసలు భయపడవలసిన ఫ్లోరైడు జోలికి సాఫ్టనర్ వెళ్ళదు. భారతదేశంలో ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించినది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. తర్వాత నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడిపడింది. కాల్షియం ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా కరిగి నిలవలేదు. అందువల్ల సబ్బుకు నురగ బాగా వచ్చే మెత్తటి బోరునీటిలోనే ఫ్లోరైడు అధికంగా ఉండడం అరుదు కాదు. నీరు మెత్తగా ఉంది కదా అని తాగడానికి మంచిదనుకోవడం ఈ జిల్లాల్లో ప్రమాదకరం. కఠినత్వంతోపాటు ఫ్లోరైడు పరీక్ష కూడా చేయించడం అందుకే ముఖ్యం.

నిర్ణయానికి మొదటి మెట్టు కొలత. కుళాయిల మీది మరకలను చూసి అంచనా వేస్తే సరిపోదు. చేతిలో పట్టుకొనే టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన మొత్తం లవణాలను అంచనా కడుతుంది, కఠినత్వాన్ని చూపదు. లీటరుకు 800 మిల్లీగ్రాములు చూపిన రెండు నీళ్ళలో ఒకదాని కఠినత్వం 150, మరొకదానిది 550 ఉండవచ్చు. ఇనుప కడ్డీలు నీటిలో ముంచి కరెంటు పెట్టి, నీరు గోధుమరంగుకు తిరగడం చూపించే ప్రదర్శన కొలతే కాదు. ఆ రంగు కడ్డీల నుంచి వచ్చిన తుప్పు. లాబొరేటరీలో నీటికి ఒక సూచిక కలిపి, ఈడీటీఏ ద్రావణాన్ని చుక్కలుగా వేస్తారు. ద్రాక్ష ఎరుపు నీలంగా మారిన క్షణాన లెక్క తేలుతుంది. ఇదే పద్ధతిలో చుక్కలు లెక్కపెట్టుకొనే చిన్న కిట్లు బజారులో దొరుకుతాయి. ఇంటి అవసరానికి అవి చాలు. ఎండాకాలంలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి కొలిస్తే నీటి అసలు స్వభావం తెలుస్తుంది. భారతీయ ప్రమాణం 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండడం మంచిది. వేరే నీటి వనరు లేని చోట 600 వరకు అనుమతి ఉంది.

కొలత చేతికి వచ్చాక యంత్రం లెక్క అర్థమవుతుంది. సాఫ్టనర్ సిలిండరులో ఆవగింజల కంటే చిన్న రెజిన్ పూసలుంటాయి. వాటి నిండా సోడియం పట్టి ఉంటుంది. కఠిన జలం వాటి మధ్యగా పోయేటప్పుడు ఒక్కో కాల్షియం అయాను పూసకు అంటుకొని, బదులుగా రెండు సోడియం అయాన్లను నీటిలోకి వదిలిస్తుంది. పూసలు కాల్షియంతో నిండిపోయాక చిక్కటి ఉప్పు ద్రావణం పోస్తారు. సోడియం తిరిగి పూసల మీదికి చేరి, కాల్షియం మురుగులోకి పోతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మనుషులు కల్పించింది కాదు, మట్టిలో ఎప్పటి నుంచో జరుగుతున్నదే. 1850 ప్రాంతంలో ఇంగ్లండులో హ్యారీ థాంప్సన్ అనే భూస్వామి, థామస్ వే అనే రసాయన శాస్త్రజ్ఞుడు పొలం మట్టి గుండా అమ్మోనియా ఎరువు ద్రావణాన్ని పోసి చూశారు. అమ్మోనియా మట్టిలో నిలిచిపోయి, కింద కాల్షియం బయటికి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో రాబర్ట్ గాన్స్ ఇదే సూత్రంతో నీటిని మెత్తబరిచాడు. 1935లో ఆడమ్స్, హోమ్స్ కృత్రిమ రెజిన్ తయారుచేశారు. నేటి యంత్రాలు ఆ రెజిన్ సంతానమే.

నలుగురున్న ఇల్లు మనిషికి 135 లీటర్ల లెక్కన రోజుకు 540 లీటర్లు వాడుతుందనుకుంటే, కఠినత్వం 500 ఉన్నప్పుడు యంత్రం రోజూ 270 గ్రాముల కఠినత్వాన్ని తీయాలి. లీటరు రెజిన్ ఒక విడతలో సుమారు 50 గ్రాములు పట్టగలదు. 25 లీటర్ల రెజిన్ నాలుగున్నర రోజులకు నిండిపోతుంది. దాన్ని కడగడానికి ప్రతిసారీ మూడు నాలుగు కిలోల ఉప్పు, సుమారు 200 లీటర్ల నీళ్ళు కావాలి. నెలకు ఆరేడు విడతలు, 20 నుంచి 25 కిలోల ఉప్పు. ఎండాకాలంలో ట్యాంకరు కొనే ఇంటికి నెలకు ఆ 1300 లీటర్ల మురుగు చిన్న విషయం కాదు. అయితే మరుగుదొడ్డికి, మొక్కలకు, నేల కడగడానికి, తాగడానికి మెత్తటి నీరు అవసరమే లేదు. స్నానానికీ బట్టలకూ వాడే 250 లీటర్లనే సాఫ్టనర్ గుండా పంపితే ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. ఇల్లు కట్టేటప్పుడే గీజరుకూ వాషింగ్ మెషీనుకూ వేరే పైపు వేయించడం ఇందుకే తెలివైన పని. కట్టిన ఇంట్లో గోడలు పగలగొట్టాల్సి వస్తే ఆ ఖర్చు కూడా లెక్కలో చేరాలి.

నెలకు 20 కిలోల ఉప్పు ఇంట్లో మాయమైపోదు. వాడినదంతా సెప్టిక్ ట్యాంకుకో, మురుగు కాలువకో, పెరటికో చేరుతుంది. ఇక్కడ మట్టి స్వభావం మళ్ళీ గుర్తుకు రావాలి. సాఫ్టనర్ పూసల మీద జరిగే మార్పిడి పెరటి మట్టిలోనూ జరుగుతుంది. నీటిలో వచ్చిన సోడియం బంకమట్టి రేణువులను పట్టుకొని, కాల్షియాన్ని తోసేస్తుంది. రేణువులు విడిపోయి, మట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. నీరు ఇంకదు, వేరుకు గాలి ఆడదు. రైతు భాషలో అది చవుడు పట్టడం. చవుడు నేలకు జిప్సం చల్లడం ఆ కాల్షియాన్ని తిరిగి పెట్టడానికే. కరివేపాకు చెట్టుకూ కొబ్బరి చెట్టుకూ సాఫ్టనర్ మురుగునే కాదు, సాఫ్టనర్ నీటిని కూడా పోయకూడదు. వాటికి బోరునీటిలోని కాల్షియమే మేలు. ఇంకుడు గుంతలోకి ఈ మురుగును వదిలితే ఆ ఉప్పు వీధిలోని బోర్లన్నిటికీ చేరవచ్చు. అమెరికాలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటా లోయలో నదిలోకి చేరే క్లోరైడు పెరిగిపోవడంతో, 2008లో ఓటర్లు ఉప్పుతో నడిచే ఆటోమేటిక్ సాఫ్టనర్లను తొలగించాలన్న నిబంధనను ఆమోదించారు. ఒక్క ఇంటి ఉప్పు కొద్దిపాటిదే. కాలనీ అంతటిదీ కలిస్తే అలా ఉండదు.

తాగునీటి విషయంలోనూ సోడియం లెక్క చూడాలి. 100 మిల్లీగ్రాముల కఠినత్వం తీసినప్పుడు నీటిలో 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. 500 కఠినత్వమున్న నీటిని పూర్తిగా మెత్తబరిస్తే లీటరుకు 230 మిల్లీగ్రాములు. రోజుకు మొత్తం సోడియం 2000 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పచ్చళ్ళు, అప్పడాలు, సాంబారుతో మన భోజనంలో ఆ హద్దు తేలికగా దాటుతుంది. రక్తపోటు ఉన్నవారికి ఈ అదనం వద్దు. వంటింటి కుళాయిని సాఫ్టనర్‌కు తగిలించకుండా విడిగా ఉంచడం ఉత్తమం. తాగడానికి బోరునీరే గతి అయితే దానికి ఆర్‌ఓ కావాలి. అది కఠినత్వంతోపాటు ఉప్పదనాన్నీ ఫ్లోరైడునూ తగ్గిస్తుంది.

సాఫ్టనర్ కొనకముందు చూడవలసిన దారులు కొన్ని ఉన్నాయి, ఎక్కువ ఇళ్ళకు వాటితోనే పని జరిగిపోతుంది. కుళాయి నీరు వచ్చే ఇంట్లో రెండు సంపులుంటే, గీజరుకూ వాషింగ్ మెషీనుకూ కుళాయి నీటిని, మరుగుదొడ్డికీ మొక్కలకూ బోరునీటిని మళ్ళించవచ్చు. ప్లంబరు ఒకటి రెండు రోజుల్లో చేసే పని అది. గీజరు వేడిని 50, 55 డిగ్రీల దగ్గర ఉంచితే పెంకు కట్టడం బాగా మందగిస్తుంది. ఏడాదికోసారి కాయిల్ తీయించి శుభ్రం చేయించి, తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పించాలి. కుళాయి జల్లెడలకు, షవరుకు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టడం చాలు. ఇత్తడి బిందెకు చింతపండు చేసే పని ఇక్కడ నిమ్మ ఉప్పు చేస్తుంది. వాషింగ్ మెషీను కుళాయికి బిగించే చిన్న సాఫ్టనర్లు కూడా అక్కడివరకు సాయపడతాయి. అన్నిటికంటే మంచి మందు వాన నీరు. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురిసే హైదరాబాదులో 100 చదరపు మీటర్ల డాబా మీద 80,000 లీటర్లు పడతాయి. వానాకాలంలో దాన్ని సంపులోకి వడకట్టి, సగానికి సగం బోరునీటిలో కలిపితే 500 కఠినత్వం 250కి దిగుతుంది. దీనికి ఉప్పూ మురుగూ అక్కర్లేదు.

అయస్కాంతాలు, తీగ చుట్టి పెట్టే ఎలక్ట్రానిక్ పెట్టెలు కూడా సాఫ్టనర్ పేరుతోనే అమ్ముడవుతాయి. వీటి వల్ల నీటిలోని కాల్షియం తగ్గదు. ముందూ వెనకా చుక్కల కిట్‌తో కొలిస్తే అంకె మారదు. సబ్బు నురగా మెరుగుపడదు. ఉప్పు లేని కండిషనర్లలో కొన్ని పెంకు కట్టడాన్ని తగ్గించవచ్చు గాని, అవి కూడా నీటిని మెత్తబరచవు.

వీటన్నిటినీ బేరీజు వేస్తే, కఠినత్వం 200 లోపున్న ఇంటికి సాఫ్టనర్ దండగ ఖర్చు. 200 నుంచి 350 మధ్యలో గీజరు శ్రద్ధ, వాషింగ్ మెషీను సాఫ్టనర్ సరిపోతాయి. 400 దాటి, కుళాయి నీరు రాక, గ్యాసు గీజరో రాగి పలక సోలారో వాడే ఇంటికి సాఫ్టనర్ ఖర్చు న్యాయమే. కఠినత్వంతోపాటు మొత్తం లవణాలు 2000 దాటిన నీటికి మాత్రం అది పరిష్కారం కాదు. మెత్తబడ్డాక కూడా ఆ నీరు ఉప్పగానే ఉంటుంది.

పెట్టించాలని తేలాక అడగవలసిన మొదటి ప్రశ్న సిలిండరు ఎత్తు, రంగు కాదు, లోపల ఎన్ని లీటర్ల రెజిన్ ఉందన్నది. గడియారం ప్రకారం కాక వాడిన నీటి కొలత ప్రకారం కడుక్కొనే వాల్వు ఉప్పును ఆదా చేస్తుంది. బకెట్టులో నిలవ ఉంచిన నీరు ఎర్రబారితే దానిలో ఇనుము ఉన్నట్టు. అది రెజిన్‌ను పాడుచేస్తుంది కాబట్టి ముందు దాన్ని తీసే ఫిల్టరు కావాలి. క్లోరిన్ ఎక్కువ కలిపిన నీరు కూడా పూసలను విరిచేస్తుంది. నీటిని పూర్తి సున్నాకు తేవడం కన్నా కొంత బోరునీటిని పక్కదారిలో కలిపి 100 దగ్గర ఉంచడం మంచిది. ఉప్పూ ఆదా అవుతుంది, ఎంత కడిగినా సబ్బు జారుడు పోనట్టు అనిపించడమూ తగ్గుతుంది.

అపార్టుమెంటులో సెల్లారులో పెట్టే ఉమ్మడి సాఫ్టనర్‌కు యంత్రం కన్నా మనిషి ముఖ్యం. రెజిన్ నిండిపోయిన రోజున కడగకపోతే, ఆ మరుసటి రోజు నుంచి కఠిన జలమే అన్ని ఫ్లాట్లకూ వెళుతుంది. చూడటానికి ఏ తేడా కనబడదు కాబట్టి నెలల తరబడి ఎవరికీ తెలియకపోవచ్చు. వారానికోసారి చుక్కల కిట్‌తో లోపలికి వెళ్ళే నీటినీ బయటికి వచ్చే నీటినీ కొలిచి, ఆ అంకెలను ఉప్పు బస్తాల లెక్క పక్కన రాసిపెట్టే పుస్తకం ఒకటి వాచ్‌మన్ గదిలో ఉండాలి. కడిగిన మర్నాడు కూడా అంకె దిగకపోతే రెజిన్‌కు ఇనుము పట్టిందో, అది అరిగిపోయిందో, వాల్వు లీకవుతోందో చూడాలి. ఉప్పు బస్తాల లెక్క మామూలుగా ఉండి అంకె మెల్లగా పెరుగుతుంటే, బోరునీరే వేసవికి కఠినమై ఉండవచ్చు. అప్పుడు కడిగే వ్యవధి తగ్గించుకుంటే సరిపోతుంది.